గరాజ్ ఫ్రిజ్‌లో డుంకెల్

నవంబరు రెండో శనివారం, మధ్యాహ్నం. షెఫీల్డ్, మా ఇల్లు.

హాజరు: నేను, మా ఆవిడ, వాట్‌ఫర్డ్ నుంచి వచ్చిన మా అమ్మాయి, ఎదురింటాయన.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ఎవరెవరు ఉన్నారో ముందు రాసి, తర్వాత సంగతి రాయడం నాకు ఆస్పత్రి ల్యాబులో పనిచేసిన కాలం నుంచీ అలవాటు. రిటైరయ్యాక కూడా పోలేదు.

ఎదురింటాయన కౌన్సిల్ పార్కుల్లో పనిచేసి రిటైరయ్యాడు. మేము ఈ వీధికి వచ్చిన కొత్తలో చెత్తడబ్బాలు ఏ వారం ఏ రంగువి బయట పెట్టాలో చెప్పడానికి వచ్చి, మా ఆవిడను "లవ్" అని పిలిచాడు. ఆయన వెళ్లాక ఆమె నా వైపు తిరిగి, "ఏందండి, గీయనకు ఏం పుట్టింది?" అంది. తర్వాత బస్సు డ్రైవరూ, కూరగాయల కొట్టాయనా అలాగే పిలవడంతో ఇది ఈ ఊరి మాట అని ఊరుకుంది. అయినా ముందుజాగ్రత్తగా ఆయన్ని మొదటి రోజు నుంచీ "బ్రదర్" అనే పిలుస్తుంది. ఇన్నేళ్లుగా వాళ్ల పిలుపులు అవే.

ఆయన భార్య జర్మనీ దక్షిణాన బవేరియా ప్రాంతపు మనిషి. ఆమె పోయి నాలుగేళ్లు దాటింది. పెళ్లికి ముందు ఆయన వాళ్ల ఊరికి వెళ్లినప్పుడు కాబోయే మామగారు వంటింట్లో కూర్చోబెట్టి, మట్టి జగ్గులోంచి ముదురు గోధుమరంగు బీరు పోశాడట. ఒకరి భాష ఒకరికి రాదు. రెండో గ్లాసు పోస్తే సరేనన్నట్టు, పోయకపోతే కాదన్నట్టు అని ఆమె ముందే చెప్పి ఉంచింది. మామగారు రెండో గ్లాసు పోశాడు. ఈ కథ మేము చాలాసార్లు విన్నాం.

ఆ బీరును డుంకెల్ అంటారు. జర్మన్‌లో ఆ మాటకు ముదురు రంగుది అనే అర్థం. మనం రాగిమాల్ట్ కోసం రాగులు మొలకెత్తించి, ఆరబెట్టి, వేయించినట్టే వాళ్లు బార్లీని చేస్తారు. డుంకెల్‌కి మాల్ట్‌ను మాడనివ్వరు, బాగా ఎర్రబడేదాకా ఆరబెడతారు. అందుకే రొట్టె అంచు వాసన వస్తుంది. ష్వార్జ్‌బియర్ అని ఇంకోటుంది. కాస్త మాడ్చిన మాల్ట్ కూడా వేస్తారు కాబట్టి చూడటానికి నల్లగా ఉంటుంది గాని నోట్లో పలచగా, పాలు పోయని కాఫీలా తగులుతుంది. మూడోది డోపెల్‌బాక్, చిక్కగా, బెల్లం పాకం వాసనతో, రెండు గ్లాసులకే నిద్ర తెప్పించేది. ఈ మూడూ లాగర్లే. అంటే చల్లగా పులియబెట్టి, ఇంకా చల్లగా వారాల తరబడి దాచేవి. మా వరంగల్ వైపు పొద్దున దింపిన కల్లు పొద్దెక్కకముందే తాగాలి. దీనిది పూర్తిగా వేరే లెక్క. ఆగినకొద్దీ బాగుపడుతుంది.

ఆయనా నేనూ మూడేళ్లుగా మా గరాజ్‌లో బీరు కాస్తున్నాం. ఒక పాత ఫ్రిజ్, దాని గోడకు చిన్న హీటరు, ఎంత వేడి కావాలంటే అంత దగ్గర నిలబెట్టే కంట్రోలు బాక్సు ఉన్నాయి. ఒక నియమం కూడా ఉంది, ఎవరూ ఒంటరిగా రుచి చూడకూడదు. మొదటి ఏడాది ఆయన "ఎలా ఉందో చూస్తున్నా" అంటూ పావు వంతు పూర్తి చేశాక పెట్టుకున్న నియమం అది.

సెప్టెంబరులో ఆయనకు గొంతులో గడ్డ అని తేలింది. రేడియేషన్ ఇస్తామన్నారు. నయమయ్యే అవకాశం బాగానే ఉందన్నారు. నాలుక రుచి మాత్రం పోతుందని, నెమ్మదిగా తిరిగి రావచ్చని, పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేమని చెప్పారు. ఆస్పత్రి నుంచి కారులో వస్తూ ఆయన అడిగింది ఒక్కటే. "మొదలయ్యేలోగా ఆ డుంకెల్ చేయగలమా?"

దుకాణాల్లో దొరికేవి చాలా తాగి చూశాడు గాని ఒక్కటీ ఆయన మనసుకు పట్టలేదు. సరే అన్నాను. చికిత్స డిసెంబరులో అన్నారు కాబట్టి వ్యవధి ఉంది. అక్టోబరు మొదట్లో కాచాం. పులుస్తుండగా తేదీ ముందుకు జరిపారని ఉత్తరం వచ్చింది, నవంబరు రెండో శనివారం తర్వాతి సోమవారానికి. దాంతో తొందరపడ్డాం. లాగర్ పులియడం ముగిసేటప్పుడు రెండు రోజులు కాస్త వెచ్చగా ఉంచాలి. అది మానేసి నేరుగా చల్లబెట్టాం.

వారం తర్వాత ఇద్దరం కలిసి ఒక చెంచాడు రుచి చూశాం. కరిగిన వెన్న వాసన కొట్టింది.

"పాప్‌కార్న్ బీరు చేశాం," అన్నాడాయన.

ఆ రెండు రోజుల వెచ్చదనం ఉండి ఉంటే ఈస్టే ఆ వాసనను తినేసేది. మళ్లీ వెచ్చబెడదామని నేను, దాచే రోజులు తగ్గిపోతాయి వద్దని ఆయన వాదించుకున్నాం. తాగాల్సింది ఆయన కాబట్టి ఆయన మాటే నెగ్గింది.

అదే వారంలో మా ఓవెన్ బల్బు పోయింది. చలికాలం మా ఇంట్లో దోసెపిండి పొంగేది ఆ బల్బు వెచ్చదనానికే. పొద్దున నేను గరాజ్‌లోకి వెళ్లేసరికి ఫ్రిజ్ కంట్రోలు బాక్సు ఇరవై ఎనిమిది చూపిస్తోంది. తలుపు తీస్తే పై అరలో దోసెపిండి గిన్నె, మూత లేచేంతగా పొంగి ఉంది. కింద బీరు డ్రమ్ము. దానికి అతికించిన థర్మామీటరు పదిహేడు దగ్గరుంది.

"ఏం చేసినవే?" అని కేకేశాను.

మా ఆవిడ చేయి తుడుచుకుంటూ వచ్చింది. "పిండి పెట్టి, వేడి పెంచిన. మీరే అంటరు గదా, పులియవెట్టేటందుకే గీ ఫ్రిజ్ అని. నా పిండి గూడ పులిసేదే."

"లోపల బీరున్నది!"

"దానికి మూతున్నది గద. నేను ముట్టనే లేదు."

పదిహేడు దాకా వెళ్లిపోయిన దాన్ని అప్పుడే చల్లబెట్టినా పోయిన రాత్రి తిరిగి రాదు. ఎలాగూ వెచ్చబడింది కదా అని పిండి గిన్నె తీసేసి, అంకెను పద్దెనిమిదికి తగ్గించి రెండు రోజులు వదిలేశాను. తర్వాత స్టీలు పీపాలోకి మార్చి నీళ్లు గడ్డకట్టే దగ్గరికి చల్లబెట్టాను. ఎదురింటాయనకు చెప్పలేదు. నియమం ప్రకారం రుచీ చూడలేదు. తాగే శనివారం దాకా ఆ రెండు వారాలూ మా ఆవిడ గరాజ్ వైపు వెళ్లలేదు. "ఖరాబయితే బ్రదర్ మొహం ఎట్ల చూస్త?" అని ఒకసారి మాత్రం అంది.

శనివారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నేను బల్ల మీద గ్లాసులు వరుసగా పెట్టాను. దుకాణం నుంచి తెచ్చిన ష్వార్జ్‌బియర్ ముందు, మధ్యలో మా డుంకెల్, చివర డోపెల్‌బాక్. పలచటి దాంతో మొదలుపెట్టి చిక్కటి దాకా వెళ్లాలని నా ఏర్పాటు.

మా అమ్మాయి చూసి, "డాడ్, ఇట్స్ నాట్ ఎ ల్యాబ్ టెస్ట్," అంది.

"మనది ముందు పోయ్," అన్నాడాయన. "నోరు శుభ్రంగా ఉండగానే తాగుతాను."

ఏర్పాటు పక్కన పెట్టి పీపా కుళాయి తిప్పాను. ముదురు గోధుమరంగు. వెలుతురుకు పట్టి చూస్తే అంచుల్లో ఎరుపు. ఆయన గ్లాసు ఎత్తబోతుంటే మా ఆవిడ ఇంగ్లీషులో, "ఆగండి బ్రదర్, ఒక మాట చెప్పాలి," అని దోసెపిండి సంగతంతా చెప్పేసింది. బల్బు కూడా వదల్లేదు.

ఆయన నా వైపు చూశాడు. "ఈ సంగతి నీకు తెలుసా?"

"తెలుసు."

"చెప్పలేదేం?"

"నీకు సోమవారం గురించిన దిగులు చాలదా అని."

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూశాడు. ఒక గుక్క తాగి, నోట్లోనే ఉంచుకుని, నెమ్మదిగా మింగాడు. మేము ముగ్గురం ఆయన మొహమే చూస్తున్నాం.

"వెన్న లేదు," అన్నాడు.

నేనూ తాగాను. నిజంగానే లేదు.

ఇంకో గుక్క తాగాడు. "మా మామగారిది కాదు ఇది. అది ఇంతకంటే తియ్యగా ఉండేది."

మా ఆవిడ మొహం చిన్నబోయింది. పెనం మీదున్న సర్వపిండి తెచ్చి ఆయన ముందు పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి పెనానికి పలచగా అద్ది ఎర్రగా కాల్చిన రొట్టె అది. ఆయన మాడిన అంచు విరిచి నమిలి, పైన బీరు తాగి, అలాగే ఆగిపోయాడు.

"ఇప్పుడు," అన్నాడు. "ఇప్పుడు ఆ వంటింటి వాసన వచ్చింది." తడిసిన కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. "ఆ వంటింట్లో రొట్టె పక్కనే ఉండేది. ఇన్నేళ్లూ నేను ఉత్త బీరే తాగి చూశాను."

"దాంట్ల కారం ఎక్కువైందేమో అడుగుండ్రి," అంది మా ఆవిడ నాతో.

అడిగాను.

"ఎక్కువే. ఇంకోటి వెయ్యమను," అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "ఈ బీరు సగం నీది, లవ్. మేమిద్దరమే చేసి ఉంటే పాప్‌కార్నే," అన్నాడు.

"అమ్మ గాట్ ది క్రెడిట్!" అంటూ మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. నేను ఆయన గ్లాసు ఖాళీ అయిందని చూసి, అడగకుండానే రెండోసారి నింపాను. ఆయన ఆ గ్లాసు వైపు, తర్వాత నా వైపు చూశాడు. ష్వార్జ్‌బియర్, డోపెల్‌బాక్ సాయంత్రం దాకా ఎవరూ ముట్టలేదు. చివరికి మా అమ్మాయి తాగింది. మొదటిది కాఫీ అంది, రెండోది దగ్గుమందు అంది.

మర్నాడు పొద్దున ఆయన ఆరు ఖాళీ సీసాలు కడిగి సంచిలో పట్టుకొచ్చాడు. పీపాలో మిగిలింది వాటిలో నింపి మూతలు బిగించాం. ఫ్రిజ్ అడుగు అరలో ఆయనే వరుసగా పెట్టాడు.

"ఎన్నాళ్లు ఉంటాయి?" అన్నాడు.

"చల్లగా ఉంచితే కొన్ని నెలలు బాగుంటాయి. అప్పటికీ నీకు రుచి రాకపోతే ఇంకోసారి కాద్దాం."

తల ఊపి, కంట్రోలు బాక్సు ఒక డిగ్రీకి తెచ్చి, బటన్ల మీద నల్ల టేపు అతికించాడు. తలుపుకు అడ్డంగా ఇంకో ముక్క వేస్తుంటే మా ఆవిడ గుమ్మంలోంచి చూసింది.

"ఓవెన్‌కి కొత్త బల్బు వేశాం బ్రదర్. నేను ముట్టుకోను."

"ఇది నీకు కాదు, లవ్. నాకు."

ఆమె నవ్వి, దోసెలు చల్లారిపోతున్నాయని పిలిచింది. ఆయన మూడు తిన్నాడు, చట్నీ రెండుసార్లు వేయించుకున్నాడు. సోమవారం ఆస్పత్రికి నా కారులోనే వెళ్దామని, ఎనిమిదింటికి హారన్ కొట్టకుండా తలుపు తడితే చాలని చెప్పి రోడ్డు దాటి వెళ్లాడు.