పక్క బల్ల గిన్నె

ఏ గిన్నెలోది ఆ హోటల్ అసలు రుచో ఇప్పటికీ తేలలేదు. హోటళ్లకు మార్కులేసి పత్రికలో రాసే ఆయన సగం తిని చెంచా పక్కన పెట్టేస్తాడు, మొహంలో ఏదీ తెలియనివ్వడు. ఆయన రాతకు మూతబడ్డ హోటళ్లున్నాయి. ఆ మధ్యాహ్నం ఆయన్ను గుర్తుపట్టిన యజమానురాలు వంటవాణ్ణి పక్కకు జరిపి, ఆయన కోసం సూపు తానే కాచింది. ఒక్క చెంచా నోట పెట్టగానే ఆయన, పక్క బల్ల దగ్గర అదే సూపు తాగుతున్న ముసలావిడ వైపు తిరిగాడు.

“అమ్మా, మీ గిన్నెలోది ఒక్క చెంచా ఇస్తారా?”

“తీసుకో నాయనా. ఏం, నీకు తక్కువ పోశారా?”

ఆవిడది అమృతం, ఆయనది ఉప్పుకషాయం. యజమానురాలు గబగబా ఆయన బల్ల దగ్గరికి వచ్చింది.

“మీకని నేనే చేశానండీ, కంగారులో ఉప్పు ఎక్కువేశాను. రోజూ చేసేది వంటవాడే.”

ఆయన తన గిన్నెనే దగ్గరికి లాక్కుని, అడుగు కనబడేదాకా తాగాడు. మూతి తుడుచుకుని మెట్లు దిగిపోయాడు.