ఉద్దానం ఇసుకలో గెలిచింది నా సైకిలు కాదు

మా కూర్మయ్య బావ సైకిలు వెనక చక్రంలోంచి వాల్వు రబ్బరు తీసి ఇసుకలో పూడ్చిపెట్టింది నేనే. తరువాత అతను అడిగితే నా దగ్గర వేరే రబ్బరు లేదన్నాను. ఉంది. ఆ విధంగా పందెం గెలిచాను. గెలిచి, నా బండి గొప్పది కాబట్టే గెలిచానని పదిమందికీ చెప్పాను.

ఇంతే సంగతి. చెప్పడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. మరి దాదాపు నలభై ఏళ్ళపాటు ఎవరికీ ఎందుకు చెప్పలేదు? దీని బరువు ఎంతో మీకు చెప్పలేను. ఎవరైనా సైకిలు గంట కొట్టినప్పుడల్లా వెనక్కి తిరిగి చూసే అలవాటు నాకు ఇప్పటికీ ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు మాది గంజాం జిల్లా. మొదటి యుద్ధం అయిపోయిన కొత్తలు. టెక్కలిలో మా నాన్నకు కొబ్బరి వ్యాపారం. నేను బడి మధ్యలోనే మానేశాను. ఇంగ్లీషు ఎలా నేర్చుకున్నానో చెబితే నవ్వుతారు. ఒక విలాయతీ సైకిళ్ళ కంపెనీ కాటలాగు ఎవరో రైల్లో వదిలేస్తే తెచ్చుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కొక్క మాటా కూడబలుక్కున్నాను. చదువుకున్నవాడు అచ్చులో ఉన్నదాన్ని అనుమానిస్తాడేమో. నేను అలా కాదు. సొంతంగా నేర్చుకున్నాను కనుక అందులో ప్రతి మాటా నాకు వేదమే. ఈ చక్రాలు లేనిదే వేగం రాదంది, నమ్మాను. ఈ సీటు లేనిదే నడుం నిలవదంది, అదీ నమ్మాను. ఆ కాటలాగు రాసినవాడు మా సముద్రతీరపు ఉద్దానం ఇసుకను ఎప్పుడైనా చూశాడా? ఆ ప్రశ్న అప్పుడు నాకు ఎందుకు తోచలేదు?

మా నాన్నను విసిగించి విసిగించి ఆ బండి మద్రాసు నుంచి తెప్పించుకున్నాను. పందేలు తొక్కి బతికేవాళ్ళ కోసం చేసిన బండి అది. సన్నటి చక్రాలు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హేండిలు, సీటు కింద తోలుసంచి, ఆ సంచి నిండా రకరకాల పానాలు, అతుకులు, రబ్బర్లు. నేను చేసేదల్లా సాయంత్రం పూట సరదాకి పెద్దరోడ్డు మీద కాస్త దూరం పోయి రావడం.

కూర్మయ్య బావ మా మేనత్త కొడుకు. ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య వాళ్ళ ఊరు. అతని సైకిలు ఒక రైల్వే గుమస్తా వాడి వదిలేసినది. బరువైన బండి, లావుపాటి టైర్లు, ఊడిపోయే మడ్గార్డును కొబ్బరితాడుతో కట్టుకున్నాడు. దాని మీదే తోటలన్నీ తిరిగేవాడు, సముద్రం దాకా పోయేవాడు. ఉత్తినే, సరదాకే. ఆ సరదా చూసి వాళ్ళ ఊరి కుర్రాళ్ళకు ఆశ పుట్టింది. పలాస స్టేషనులో అలాంటిదే మరో పాత సైకిలు అమ్మకానికి వచ్చింది. అందరూ కలిసి కొనుక్కుని వంతులవారీగా తొక్కుకుందామని అనుకున్నారు.

వద్దన్నది నేను. ఎవరు అడిగారు నన్ను? ఎవరూ అడగలేదు. స్టేషను ముందు కాటలాగు విప్పి, ఇలాంటి బండి లేనివాడు సైకిలు జోలికి పోకూడదని ఉపన్యాసం ఇచ్చాను. బావ నవ్వి, "మేమేటి దొరల్తో పందేలకెల్తన్నామా బావా? తోటలు దాటి సముద్రం సూసొత్తాం. దానికి కాళ్ళుంటే సాల్దా?" అన్నాడు. ఆ కుర్రాళ్ళలో తవిటయ్య అని ఒకడు, నోటి దురుసువాడు, మా ఇద్దరికీ పందెం పెట్టాడు. "ఇద్దరూ సముద్రం దాకా ఎల్లి రండి. ఎవులు ముందొత్తే ఆల్ల మాటే మాం ఇంటాం" అన్నాడు. పాత సైకిలు కొనడమో మానడమో ఆ పందెంతో తేలిపోవాలన్నమాట.

పలాసలో బయలుదేరి వజ్రపుకొత్తూరు దగ్గర సముద్రపు నీళ్ళు తాకి తిరిగి రావాలి. గట్టిరోడ్డు ఉన్నంతసేపూ నేను ముందున్నాను. తోటల్లోకి దిగాక కథ మారింది. సన్నటి చక్రాలు, రాయిలా గాలి బిగించినవి, ఇసుకలో కత్తిలా దిగిపోయాయి. దిగి తోశాను. ఎక్కాను. మళ్ళీ దిగాను. మొగలిపొదల పక్క నుంచి బావ నన్ను దాటి, ఏదో కూనిరాగం తీసుకుంటూ వెళ్ళిపోయాడు.

నేను ఒడ్డుకు చేరేసరికి అతను నీళ్ళు తాకి వచ్చి, చొక్కా ఆరబెట్టుకుని, నా కోసం కూర్చుని ఉన్నాడు. పందెంలో ఉన్నవాడు ఎదుటివాడి కోసం కూర్చుంటాడా? కూర్చున్నాడు. నా మొహం చూసి, "ఉండు, బొండాం కొట్టించుకొత్తాను" అని తోటలోకి వెళ్ళాడు. నా కోసమే వెళ్ళాడు.

ఆ కాస్త వ్యవధిలోనే చేశాను. చక్రంలో గాలిని ఆపేది వాల్వుకు తొడిగే చిన్న రబ్బరు తొడుగు. అది లేకపోతే ఎంత పంపు కొట్టినా గాలి నిలవదు. నా సంచిలో పానా ఉంది, చేతికి పని తెలుసు. విప్పి, లాగి, మళ్ళీ బిగించాను. రబ్బరును కాలితో ఇసుకలోకి తొక్కాను. ఆ తీరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది. ముందు ఆలోచించి చేసిన పని కాదని నాకు నేను ఎన్నిసార్లో చెప్పుకున్నాను. ఆలోచించని పని అంత నేర్పుగా ఎలా చేస్తారు?

బావ రెండు బొండాలతో వచ్చాడు. తాగాం. సైకిలు లేవదీసి చూసుకున్నాడు. వాల్వు విప్పి చూశాడు. ఒడ్డున వలల దగ్గర పిల్లలు ఆడుకుంటున్నారు.

"రబ్బరు లేదు బావా. ఆ పిల్లలెవులో లాగీసినట్టున్నారు. నీ సంచిలో ఉంటాదేమో సూడు."

"లేదు" అన్నాను.

"లేదా? అంత సంచీ మోత్తన్నావు, మరేటున్నాయందులో?"

"పానాలు."

అతను పగలబడి నవ్వాడు. "సరే, నువ్వెల్లు. ఆల్లు కనిపెట్టుకునుంటారు. నాను నడిపించుకొత్తాను." రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ అన్నాడు: "నీ టైర్లలో గాలి సగం తీసీ. అలాగైతే ఇసకలో దిగవు. రోడ్డెక్కేక కొట్టుకో."

సగం గాలి తీసేశాను. బండి ఇసుక మీద తేలినట్టు పోయింది. అతను చెప్పిన కిటుకుతోనే అతన్ని గెలిచాను.

పలాసలో నన్ను భుజాల మీద ఎత్తారు. చూశారా, నేను చెప్పలేదా, బండి అంటే ఇదీ అన్నాను. చీకటి పడే వేళకు బావ సైకిలు తోసుకుంటూ వచ్చాడు, చెప్పులు చేత్తో పట్టుకుని. తవిటయ్య "పంచరు కూర్మయ్య వచ్చేడొహో!" అని అరిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మకానికి వచ్చిన ఆ పాత సైకిలును సోంపేట వైపు ఎవరో కొనుక్కుపోయారు. మంచిది కొనే స్తోమత ఆ కుర్రాళ్ళకు ఎన్నడూ రాలేదు. వాళ్ళలో ఒక్కడూ సైకిలు నేర్చుకోలేదు. బావ మాత్రం తొక్కడం మానలేదు, కానీ ఆ పేరు అతన్ని వదల్లేదు. పెళ్ళిపీటల మీద కూర్చున్నప్పుడు పంచరు కూర్మయ్యే. పంచాయితీలో న్యాయం చెప్పబోతే, "నీ మాటకేటిలే, దారిలో గాలి పోద్ది" అనేవారు. అతను చెప్పింది సరైన మాట అయినా సరే.

నా బండి సంగతీ చెప్పాలి. ఉప్పుగాలికి చువ్వలు తుప్పు పట్టాయి. విరిగిన భాగానికి మారు భాగం మద్రాసు నుంచి రావాలి, రావడానికి నెలలు పట్టేది. చివరికి దూలానికి వేలాడదీశాను.

ఈ మధ్య పలాసలో ఒక సైకిళ్ళ కొట్టు ముందు నిలబడ్డాను. ఒక కుర్ర మేష్టారు మామూలు సైకిలు అడుగుతున్నాడు, సెలవుల్లో సరదాకి తిరగడానికట. కొట్టువాడు అతనికి ఖరీదైనది అంటగట్టాలని చూస్తున్నాడు. నన్ను చూపించి, "ఆ పెద్దాయన్ని అడగండి, మంచి బండి మీద సముద్రం దాకా ఎల్లి పందెం గెలిసేరు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎంత మోసం! జీతం రాళ్ళతో ఇల్లు నడుపుకునే మనిషికి పందేలవాళ్ళ బండి ఎందుకురా, అతని సరదాకి అతని కాళ్ళు చాలవా, లావు టైర్లు, ఒక పంపు, దారి తెలిసిన తోడు ఉంటే చాలదా అని అరవబోయాను. కొట్టువాడు ఎవరి అబద్ధం చెబుతున్నాడు? నాదే కదా. నేను చెప్పిన మాటలే, అదే గొంతుతో. నా అబద్ధం నా కన్నా ఎక్కువ కాలం బతికేలా ఉంది.

అక్కణ్ణుంచి తిన్నగా ఉద్దానం బస్సు ఎక్కాను. బావ తోటలో కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. రబ్బరు, సంచి, పిల్లల మీదికి పోయిన నింద, నా నవ్వు, అన్నీ. అతని చేతులు ఆగాయి, మళ్ళీ కదిలాయి. అతని భార్య మజ్జిగ ఇచ్చింది. తాగి వచ్చేశాను. దారి పొడుగునా, విచిత్రం చూడండి, తేలిగ్గా ఉంది. క్షమాపణ దొరకలేదు, దొరుకుతుందన్న ఆశ కూడా లేదు. అయినా ఊపిరి లోపలికి పూర్తిగా వెళ్ళింది. చెప్పడంలోనే ఇంత ఉందని తెలిస్తే ముప్ఫై ఏళ్ళ వయసులోనే చెప్పేవాణ్ణి కదా?

తరువాత సంత రోజున అతను టెక్కలి వచ్చాడు. మా అరుగు మీద కూర్చున్నాడు. మంచినీళ్ళు ఇవ్వబోతే వద్దన్నాడు. నా మొహం చూడకుండా రోడ్డు వైపు చూస్తూ అన్నాడు:

"నిన్ను సమించీసినానని నా నోట రాదు బావా, అదడక్కు. ఊరు పెట్టిన పేరు ఊరే మర్సిపోవాల, అది నీ వల్లా కాదు, నా వల్లా కాదు. నానొచ్చింది ఏరే పని మీద. మా మనవరాలు సైకిలు నేర్సుకుంటానంటంది. నాది ఇస్తానన్నాను. మా పెద్దోడు ఒప్పుకోడు. మంచి బండి కొన్నప్పుడే ఎక్కాల, ఈ తుప్పుది ఎక్కితే ఎగతాళి సేత్తారంటన్నాడు. ఏటంటే నీ పందెం కతే నాకు సెప్తన్నాడు. ఆదివారం రా. ఆ రోజు నాకు సెప్పినట్టే ఆడికీ సెప్పు, ఒక్క ముక్క తగ్గించకుండా. పిల్ల కాసుకునుంది."