మొలతాడు కొలిచిన టైరు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టకపోతే జీతం అరగదు కాబోలు. గరివిడి ఫ్యాక్టరీ ల్యాబులో పొద్దస్తమానం బూడిదరంగు పొడులు తూచే నాకు సైకిలు పిచ్చి పట్టింది. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర గేర్ల సైకిలు కొన్నాను. కొండలెక్కే సైకిలట. (నేను దానిమీద ఎక్కిన ఎత్తల్లా రైలు గేటు దగ్గర మిట్ట ఒక్కటే.) చక్రం ఇరవై ఏడున్నర అంగుళాలు, అప్పుడప్పుడే వచ్చిన సైజు. చివరి ఆ అర అంగుళం నన్ను ఎంత పీడిస్తుందో అప్పటికి తెలియదు.

మా అక్కను భావనపాడు ఇచ్చాం. నౌపడ నుంచి అక్కడికి ఉప్పుమడుల పక్కన వెళ్ళే దారి నిండా సర్కారు తుమ్మ ముళ్ళే. వెళ్ళిన ప్రతిసారీ పంక్చరు. ట్యూబు లేని టైరు వేసి, లోపల జిగురుమందు పోస్తే ముల్లు దిగినా దానంతటదే పూడుకుంటుందని ఫోనులో చదివాను. విజయనగరంలో అడగని కొట్టు లేదు. ఒక పెద్దాయన ఇరవై ఆరు ఉందనీ, ఇరవై తొమ్మిది తెప్పిస్తాననీ, మధ్యలోది మాత్రం తాను పుట్టి ఎరగననీ చెప్పాడు. శ్రీకాకుళంలో అయితే ట్యూబు లేకుండా టైరు అడిగినందుకు జాలిగా చూసి, కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చారు.

మా బావ అక్కడి చాలామందిలాగే ఏటా గుజరాత్ వెళ్ళి చేపల వేట పడవల మీద పనిచేసేవాడు. సముద్రంలో ఎంత దూరమైనా వెళ్ళే మనిషికి సైకిలు తొక్కడం రాదు. అదంటే ఆయనకు లోలోపల సిగ్గు. ఈసారి తిరిగొచ్చేసరికి నౌపడ స్టేషనుకి సైకిలు మీదే వస్తాననీ, ఊరిదాకా దారిపొడవునా తొక్కడం నేర్పిస్తాననీ మాటిచ్చాను. టైరు దొరకడం లేదంటే, అక్కడినుంచి తనే తెస్తానన్నాడు. సైజు కాగితం మీద రాసిస్తానంటే ఒప్పుకోలేదు.

"అంకెలు కొట్టోడు ఏటి సెప్తే అదేరా. తాడు అబద్దమాడదు," అన్నాడు.

నూలు తాడు చక్రం చుట్టూ తిప్పి, కొలతకు కోసి, పోకుండా మొలతాడులా నడుముకు చుట్టి కట్టుకున్నాడు. వలకైనా, తెరచాపకైనా వాళ్ళ కొలతలన్నీ తాళ్ళతోనే. నాకూ అది సబబుగానే తోచింది. (నేను తూకాల ల్యాబులో పనిచేసేవాణ్ణని మరోసారి మనవి.)

ఆ ఏడు బావ అనుకున్నదానికంటే ముందే వచ్చేశాడు. వల లాగే యంత్రంలో కుడిచెయ్యి పడిందని అక్క ఫోనులో ఏడ్చింది. నా సైకిలు మామూలుగానే పంక్చరై గదిలో గోడకు చేరబడి ఉంది. బస్సులో వెళ్ళి స్టేషన్లో నిలబడ్డాను. సన్నగా వాన పడుతోంది. బావ రైలు దిగాడు. కట్టులోంచి బొటనవేలూ చూపుడువేలూ మాత్రం కనిపించాయి, మిగతావి లేవు. ఎడమ భుజానికి టైరు వేలాడుతోంది. నాకు దుఃఖం ఆగలేదు. ఆయన మాత్రం నా వెనక వెతుక్కుంటూ, "సైకిలేదిరా?" అన్నాడు.

ఆ ఆదివారమే సైకిలును నౌపడ దాకా రైల్లో, అక్కడినుంచి ఆటోలో వేసుకుని భావనపాడు వెళ్ళాను. బావ గుమ్మంలో కూర్చుని చూస్తుండగా టైరు ఎక్కించబోయాను. గరిటె కాడ, అట్లకాడ, అక్క మోకాలు, ఏదీ సాయపడలేదు. టైరు చిన్నది. బావ లేచి, ఎడమచేత్తో నడుము తాడు విప్పి చక్రం చుట్టూ తిప్పాడు. కొసలు కలవలేదు. మధ్యలో బెత్తెడు ఖాళీ మిగిలింది. నెలల తరబడి ఉప్పునీటిలో నానుతూ ఎండుతూ తాడు కుంచించుకుపోయింది.

ఆ ఖాళీకేసి కాసేపు చూసి, సముద్రం వైపు తల తిప్పాడు.

"నా వేళ్ళు సాల్నేదు దీనికి. తాడు కూడా కొంత తినీసినాది."

అక్క నవ్వబోయి ఏడ్చేసింది. బావ మళ్ళీ వేటకు వెళ్ళలేదు. బ్రేకు మీద పట్టు చిక్కక సైకిలూ నేర్చుకోలేదు.

ఇప్పుడు విజయనగరంలో ఆ సైజు టైర్లు కొట్టు ముందు దండల్లా వేలాడుతున్నాయి. నా సైకిలు ఎప్పుడో ఇనప సామాన్లవాడి పాలైంది, నాకు పొట్ట వచ్చింది. అయినా మొన్న అటు వెళుతూ ఊరికే ఆగాను. ఏ సైజు కావాలని కొట్టతను అడిగాడు. అంకె నోటి చివరే ఉంది. కానీ నా చెయ్యి ముందు నడుము తడుముకుంది.