మామగారి గుర్తులు రాసిన డిస్కు

మా మామగారు సముద్రం మీద వేటకు పోయే మనిషి. ఒడ్డున ఏ తాటిచెట్టు ఏ ఇంటికప్పుకు సూటిగా కనబడితే అక్కడ పడవ ఆపి వల వేయాలో ఆయనకు తెలుసు. ఆ గుర్తులు జీవితమంతా ఎవరికీ చెప్పలేదు. చివరి సంవత్సరం నెల్లూరులో మా ఇంట్లో వారం రోజులుండి, కొడుకు కోసం వాటినన్నిటినీ మా కంప్యూటరులో రికార్డు చేయించి పోయారు. భూమ్మీద అవి ఇంకెక్కడా లేవు. ఇప్పుడా కంప్యూటరు హార్డ్ డిస్కేమో ఎండు రొయ్యలు నములుతున్నట్టు కటకటలాడసాగింది.

"ఫోన్లోకి ఎక్కించుకోరా," అన్నాను మా బావమరిదితో.

"ఫోన్లోకి ఎక్కితే తెల్లారేసరికి ఒడ్డంతా తెలిసిపోద్ది బావా. సీడీ డిస్కు మీద రాయించు."

అంటే డిస్కులు రాసే డ్రైవు కొనాలి. కంప్యూటరు పెట్టెను ఆటోలో ఒళ్లో పెట్టుకుని, నిండు చూలాలిని ఆసుపత్రికి తీసుకెళ్తున్నంత భయభక్తులతో దుకాణానికి చేర్చాను.

దుకాణదారు మూడు డ్రైవులు ముందుంచి, వాటి వేగాల మీద హరికథ ఎత్తుకున్నాడు. నాతో వచ్చిన మా బావమరిది వినలేదు. ఒక్కోదాంట్లో డిస్కు తిప్పించి, పడవ ఇంజనుకు ఆనించినట్టు చెవి ఆనించాడు. దుకాణంలో ఫ్యాన్లు కూడా ఊపిరి బిగబట్టాయి.

"ఇది దగ్గతా ఉండాది. ఇది ఊరికే ఎగరతా ఉండాది. ఇదీ... మనల్ని ఇంటికి చేర్చే రకం."

"అన్నిట్లోకీ నిదానం అదే అన్నా," అన్నాడు దుకాణదారు.

"నిదానంగానే రాయనీ. మా నాయన మాట్లాడిందీ అట్టనే."

అక్కడే రాయించాం. కంటికి ఆనని వెలుగు పోగొకటి, అరచేతి పళ్లెం మీద మొత్తం బంగాళాఖాతాన్ని చెక్కుతోంది! నేను తెరిచిన నోరు మళ్లీ మూయలేదు.

"సరిగ్గా పడిందో లేదో వినాల. నువ్వు కాసేపు బయటికి పో అన్నా."

"నా అంగట్లోంచి నన్నే పొమ్మంటావా?"

"టీ తాగిరా. డబ్బులు మా బావ ఇస్తాడులే."

దుకాణదారు నవ్వుకుంటూ వెళ్లాడు. డిస్కు తిరిగింది.

"ఇనుకో అబ్బయ్యా," అన్నారు మామగారు, నా పక్కనే కూర్చున్నంత దగ్గరగా.

తర్వాతి మాటలు నేను రాయను. మా బావమరిదికి చదవడం వచ్చు. వాడు మాత్రం పడవ ఎక్కబోయేవాడిలా చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"తెలిసిందా?" అన్నది గొంతు.

"తెలిసింది నాయనా," అన్నాడు వాడు.

మామగారు ఒక్క క్షణం ఆగి, రెండో గుర్తు మొదలుపెట్టారు.