రత్నమ్మగారి చేతి పసుపు

మొన్న మనవరాలితో బట్టల దుకాణానికి వెళ్ళాను. అది చీరలు చూసుకుంటుంటే నేను కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకున్నాను. అవతల ఎవరో గుడ్డ తాను విప్పారు. కొత్త గుడ్డ బల్ల మీద దొర్లేటప్పుడు ధబ్, ధబ్ అని ఒక చప్పుడు వస్తుంది. మడత మడతకూ కొంచెం గాలి లేస్తుంది, ఆ గాలిలో గంజి వాసన ఉంటుంది. ఉలిక్కిపడి లేచాను. "ఏమైంది నానమ్మా, చెమటలు పట్టినాయి?" అంది పిల్ల. ఏమీ లేదన్నాను. ఎనభై దాటిన మనిషి గంజి వాసనకు హడలిపోయిందంటే నవ్విపోతారు. కానీ నేను హడలింది వాసనకు కాదు. మార్కాపురం మిద్దె దుకాణంలో, అందరూ చూస్తుండగా, నా కాళ్ళు చేసిన ఒక పనికి. అది జరిగి అరవై ఏళ్ళు దాటినా ఆ పని చేసింది నేనేనని ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

ఆ దుకాణం ఇప్పుడు లేదు. బోర్డు మీద ఏదో పెద్ద పేరు ఉండేది గానీ, బజారులో మేడ ఉన్న అంగడి అదొక్కటే కాబట్టి అందరికీ అది మిద్దె దుకాణమే. మేము అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవాళ్ళం. కొత్త రాష్ట్రానికి కర్నూలు రాజధాని అనగానే మా ఊరికి కూడా కాస్త తల తిరిగింది. యజమాని రంగయ్య శెట్టిగారికి అందరికంటే ఎక్కువ తిరిగింది. రాజధానికి పోయే ఆఫీసర్ల భార్యలు దారిలో మా స్టేషనులో దిగి చీరలు కొంటారని లెక్కవేసి ఆయన మేడ కట్టించారు. మూడేళ్ళకే రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది. ఆఫీసరు భార్య ఒక్కతె కూడా దిగిన పాపాన పోలేదు. మేడ మాత్రం మాకు మిగిలిపోయింది.

ఆ మేడను నిలబెట్టింది ఆయన భార్య సుబ్బరత్నమ్మగారు. పెళ్ళయిన కొత్తలో మొగుడూ పెళ్ళాలిద్దరూ గుడ్డల మూటలు మోసుకుని పొదిలి, పామూరు సంతలు తిరిగినవాళ్ళు. ఒకసారి చుట్టాల పెళ్ళికి మద్రాసు వెళ్ళినప్పుడు ఆమె అక్కడొక పెద్ద అంగడి చూశారు. సబ్బు దగ్గర నుంచి పట్టుచీర దాకా అన్నీ ఒకే చూరు కింద దొరికే అంగడి. పెళ్ళి సంగతి ఏమీ గుర్తులేదు గానీ ఆ అంగడిలో మెట్లు ఎన్నో కూడా చెప్పగలనని అనేవారు. అలాంటిదే మా ఊళ్ళో కావాలని పట్టుబట్టారు. కింద మగవాళ్ళ గుడ్డలు, పౌడర్లు, టార్చిలైట్లు, ఇనప పెట్టెలు. పైన అంతా ఆడవాళ్ళకే. అద్దాల బీరువాలు, నిలువెత్తు అద్దం, తెల్లటి పరుపులు. ప్రతి బీరువాకూ మా ఊరి పలక ఒకటి వేలాడదీసి దాని మీద ధర రాయించారు. బేరం లేని దుకాణం మా వైపు అదే మొదటిది. మొదట్లో జనం బేరం లేకపోతే కొన్నట్టే ఉండదని గొడవ పెట్టుకున్నారు. కొన్నాళ్ళకు అలవాటు పడ్డారు.

నేను పలకల ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి కూతుర్ని. ఎనిమిదో తరగతి దాకా చదివి ఇంట్లో ఊరికే ఉన్న రోజుల్లో ఆమె ఒక మధ్యాహ్నం మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "ఏమప్పా, మీ సరోజను మేడ మీదికి పంపు. ఆడమనిషికి ఆడమనిషే గుడ్డ చూపియ్యాల" అన్నారు మా నాయనతో. నాయన తల అడ్డంగా ఊపాడు. వయసొచ్చిన పిల్ల అంగట్లో కూచోవడమా! మా అమ్మే లోపలి నుంచి, "పోనీండి, రత్నమ్మక్క కళ్ళ ముందరే గదా ఉంటాది" అంది. మా అమ్మ చదువుకోలేదు, ఊరు దాటి ఎరగదు. అయినా అంత ధైర్యం ఎక్కడ నుంచి తెచ్చుకుందో నాకు తెలియదు. ఈ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను, మీరు గుర్తుపెట్టుకోవాలి.

ఆమె నాకు నేర్పిన మొదటి పని గుడ్డ విప్పడం కాదు, మనిషిని కూచోబెట్టడం. ఒకరోజు గొర్రెలు కాసుకునే వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు నలుగురు మెట్లెక్కి వచ్చి, మోకాలి దాకా దుమ్ముతో, పరుపు పక్కన నేల మీద కూచున్నారు. నేను ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే లోపల సంతోషించాను కూడా, ఆ పరుపుల మీది దుప్పట్లు ఉతికించే పని నాదే మరి. రత్నమ్మగారు వచ్చి చూసి, నన్ను ఒక్క మాట అనకుండా, తాను వెళ్ళి వాళ్ళ పక్కన నేల మీదే కూచున్నారు. ఆ నలుగురిలో పెద్దామె కంగారుపడిపోయింది. "లెయ్ తల్లీ, నువ్వు కిందెట్ల కూచుంటావు?" అంది. "మీరు పైకెక్కితే నేనూ ఎక్కుతా. లేకుంటే ఇట్లనే చూపిస్తా చీరలు" అన్నారీమె. అందరూ నవ్వుకుంటూ పరుపెక్కారు. సాయంత్రం నాతో, "దుప్పటి ఉతికితే పోతాది పిల్లా, మనిషి మొగం చిన్నబోతే యాడ ఉతుకుతావు?" అన్నారు. నాకు తిట్టినా బాగుండేదనిపించింది.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. తలంబ్రాల చీర ఎవరు కొన్నా, అది మడిచి ఇచ్చే ముందు గిన్నెలో పసుపు తడిపి, తన చేత్తో చెంగు మూలకు అద్ది, పెళ్ళికూతురి చేతిలో పెట్టేవారు. అది ఎలా మొదలయిందో గానీ, రత్నమ్మ చేతి పసుపు తగిలితే కాపురం చల్లగా ఉంటుందని ఊరూరా పాకిపోయింది. గిద్దలూరు నుంచి రైల్లో వచ్చేవాళ్ళు, పొదిలి నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. చీర నచ్చకపోయినా ఆ పసుపు కోసం కొనేవాళ్ళను నేనే చూశాను. మాఘం, ఫాల్గుణం వస్తే ఆమె అరచేయి ఎప్పుడూ పచ్చగానే ఉండేది.

అలాంటి రోజుల్లో శెట్టిగారు పోయారు. గిద్దలూరు స్టేషనులో బండి కోసం నిలబడ్డవారు నిలబడ్డట్టే కూలిపోయారట. ఊరంతా దుకాణాలు మూసేసింది. ఆ ఇంటి ఆచారం ప్రకారం ఆమె ఏడాది పాటు గడప దాటకూడదు. దాటినా ఎవరికీ ఎదురు రాకూడదు. పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున మేము తలుపులు తీసి చిమ్ముకుంటుంటే మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. తిరిగి చూద్దును కదా, ఆమె! బోసి నుదురు, బోసి చేతులు, తెల్లచీర. నా చేతిలో చీపురు జారిపోయింది. వచ్చి, రోజూ కూచునే చోట కూచుని, "ఏంది అట్ల చూస్తావు? బీరువాలు తుడువు" అన్నారు. పెళ్ళి బట్టలు అమ్మే చోట, భర్త పోయి పట్టుమని పదిహేను రోజులు కాని మనిషి!

గంటలో బజారంతా తెలిసిపోయింది. శెట్టిగారి తమ్ముడు నాగయ్య పరుగున వచ్చాడు. చెడ్డవాడని చెప్పలేను. వదినంటే గౌరవం ఉన్నవాడే, కానీ లోకానికి భయపడేవాడు. "వదినా, నీకు కాళ్ళు మొక్కుతా, ఇంటికి పోదాం రా. పైన నా భార్యను కూచోబెడతా. నీకు ఏ లోటూ రానియ్యను" అన్నాడు. ఆమె గొంతు పెంచలేదు. "నాగయ్యా, ఈ దుకాణం మొదట నా నెత్తిమీద ఉండె. ఆ తర్వాతనే గదా నేల మీదికి దిగింది. మీ అన్న పోయినాడని నా చేతులు కూడా పోయినాయా?" అన్నారు. చివరికి మా అందరి ముందరే ఒక మాట అనుకున్నారు. శ్రావణం ముగిసేలోగా ఒక్క పెళ్ళివారైనా ఆమె చేతి పసుపుతో చీర తీసుకుపోతే, మేడ ఎప్పటికీ ఆమెది. నాగయ్య మళ్ళీ నోరెత్తడు. లేకపోతే ఆమె ఇంట్లో కూచోవాలి.

ఇక ఆ రోజులు ఎలా గడిచాయో చెబితే నమ్మరు. పెళ్ళివారు మెట్లెక్కేవారు, చీరలు విప్పించేవారు, ఆమెను చూసేవారు, ముఖాలు మారేవి. "ఇప్పుడే వస్తాం" అని దిగిపోయేవారు. ఆమె ఎవరినీ మోసం చెయ్యలేదు. చీర ఎంచుకోగానే తానే అడిగేవారు, "నా చేత్తో పసుపు పెట్టేదా, వద్దా?" అని. ఆనాడు పరుపెక్కిన గొర్రెల కాపరుల ఇంటి పెద్దామె మనవరాలి పెళ్ళికి వచ్చింది. ఈమె పక్కనే కూచుని, చెయ్యి పట్టుకుని ఏడ్చింది. చీర కూడా కొంది. పసుపు అనేసరికి తల దించుకుని, "ఇంటికాడ పెట్టుకుంటాంలే తల్లీ" అంది. చెయ్యి పట్టుకోవడానికి పనికొచ్చిన మనిషి పసుపుకు పనికిరాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏం మనుషులు పెద్దమ్మా వీళ్ళు!" అన్నాను. ఆమె విప్పిన చీరలు మడిచి పెట్టసాగారు.

ఆ శ్రావణంలోనే నాకు సంబంధం కుదిరింది. పిల్లవాడు గిద్దలూరులో కట్టెల డిపో గుమాస్తా. ఆ మాట దుకాణంలో తెలిసిన రోజున నేను, ఎవరూ అడగకుండానే, కింద మెట్ల దగ్గర నాగయ్యకు కూడా వినబడేట్టు అన్నాను: "నా తలంబ్రాల చీరకు మీరే పసుపు పెట్టాల పెద్దమ్మా. ఇంకెవ్వరు పెట్టినా నేను కట్టుకోను." ఎంత గర్వంగా అన్నానో! రత్నమ్మగారు తలెత్తి నన్నే చూశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీ అమ్మ ఒప్పుకుంటేనే" అన్నారు. ఆ సాయంత్రం అమ్మను అడిగాను. అమ్మ, "నీకు అన్నం పెట్టిన చెయ్యి. అంతకన్నా మంచి చెయ్యి నాకు తెలీదు" అంది.

శుక్రవారం పొద్దున అమ్మా నేనూ వెళ్ళాం. చీర రత్నమ్మగారే తీసి ఉంచారు, కుంకుమ రంగుకు ఆకుపచ్చ అంచు. పనివాళ్ళందరూ పైకి వచ్చారు. నాగయ్య, అతని భార్య గోడవారగా నిలబడ్డారు. నా రెండు చేతుల మీద చీర పరిచారు. ఆమె గిన్నెలో పసుపు తడిపారు. "పట్టమ్మా, చెంగు ముందుకు పట్టు" అంది మా అమ్మ, నవ్వుతూనే. రత్నమ్మగారి చెయ్యి వచ్చింది. గాజులు లేని ఆ మణికట్టు చూశాను. అంతే. నేను చూడనిదా అది? రోజూ చూస్తున్నదే. కానీ గిద్దలూరులో నేనింకా సరిగ్గా చూడనైనా చూడని ఆ పెళ్ళికొడుకు, ప్లాట్‌ఫారం మీద కూలిపోతున్నట్టు కళ్ళ ముందు ఆడింది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. చెంగు జారి కింద పడింది.

పసుపు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. నేను నా పాదాల వైపు చూసుకున్నాను, అవి ఎవరివో అన్నట్టు. ముందుకు వెయ్యి, ఇంకా ఏం మించిపోలేదు, ముందుకు వెయ్యి అని లోపల అరుస్తూనే ఉన్నాను. వెయ్యలేదు. నాగయ్య కూడా నోరు తెరిచి నా వైపే చూస్తున్నాడు. గెలిచినవాడి ముఖంలా లేదది, దెబ్బ తిన్నవాడి ముఖంలా ఉంది.

"భయమేసిందా పిల్లా?" అన్నారామె. నేను తలూపాను. "పెండ్లిపిల్లవు. ఏస్తాదిలే." వంగి, ఎడమచేత్తో చెంగు ఎత్తి, దుమ్ము దులిపి నా చేతుల మీద వేశారు. పసుపు అంటిన కుడిచేతిని తన తెల్లచీర కుచ్చిళ్ళకేసి, అందరి ముందూ, నిదానంగా తుడుచుకున్నారు. నాగయ్య భార్య "అయ్యో" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నాగయ్యా, రేపటి నుంచి నీ భార్యను రమ్మను. పట్టు బీరువా తలుపు కొంచెం పట్టేస్తాది, ఎత్తి తియ్యమను" అని మెట్లు దిగి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ మేడ ఎక్కలేదు. ఇంకో పదకొండేళ్ళు బతికారు. నేను ఎప్పుడు వెళ్ళినా అన్నం పెట్టారు, పిల్లలు ఎలా ఉన్నారని అడిగారు. ఆనాటి మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మా ఆయన నిండుగా బతికి, నలభై ఏళ్ళు నాతో పోట్లాడి మరీ పోయారు. ఆ పసుపు అంటినా అంతే బతికేవారు. ఆ సంగతి నాకు తెలుసు. అప్పుడూ తెలుసు, అదే ఇప్పటికీ మింగుడుపడనిది.

కాపురానికి వెళ్ళాక ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అడిగేవారు, మిద్దె దుకాణం రత్నమ్మ మేడ ఎందుకు దిగిపోయిందని. నేను చెప్పేదాన్ని: "నా చీరకే పసుపు పెట్టబోయింది. మా అమ్మ ఒప్పుకోలేదు. నా చెయ్యి పట్టి వెనక్కి లాగింది." ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పి చెప్పి, అమ్మ పట్టుకున్న చోట మణికట్టు నొప్పి పుట్టినట్టు కూడా అనిపించేది. ఒకరోజు అమ్మ మా ఇంటికి వచ్చి, వసారాలో బియ్యం ఏరుతోంది. నేను వంటింట్లో పక్కింటామెకు ఇదే కథ చెబుతున్నాను. చెబుతూ చెబుతూ తల తిప్పితే, అమ్మ గుమ్మంలో చేట పట్టుకుని నిలబడి ఉంది. అంతా వింది. పక్కింటామె, "ఏం చేస్తాం లేమ్మా, తల్లి ప్రాణం అట్లనే ఉంటాది" అంది అమ్మతో. అమ్మ నా ముఖంలోకి చూసింది. ఆ తర్వాత పక్కింటామె వైపు తిరిగి, "అవును. నేనే లాగినాను" అంది.