ఎడమ ముందు చక్రం

దయ్యాల మాట ఎత్తితే నవ్వేవాణ్ని. బండ్లు విప్పి బిగించే మనిషిని నేను. చప్పుడుంటే దానికో కారణం ఉంటుంది, చేత్తో తడిమితే దొరుకుతుంది. నాకు తెలిసింది అంతే. ఇప్పటికీ దయ్యాలున్నాయని చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. పంజాగుట్టలో ఒక వకీలు గారి దగ్గర డ్రైవరుగా చేరాను. అంతకుముందు కారు ఆయనే నడుపుకునేవారట. రోజూ పొద్దున అమీర్‌పేటలో ఉన్న వాళ్ల అన్నగారింటికి తీసుకెళ్లి తీసుకురావాలి. అప్పట్లో ఆ దారికి రెండు పక్కలా తోటలు, అక్కడక్కడా పెంకుటిళ్లు.

చేరిన వారానికే ఎడమ ముందు చక్రం కిర్రుమనడం మొదలైంది. అదీ అమీర్‌పేట ఇళ్లు మొదలయ్యే చోట మాత్రమే.

"గిది ఆపకుంటే ఇంకో డ్రైవర్‌ను చూసుకుంట" అన్నారు వకీలు గారు. నా భార్యకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. ఆ ఉద్యోగం పోతే మాకు దిక్కులేదు.

జాకీ పెట్టి చక్రం విప్పాను. బేరింగు కడిగి కొత్త గ్రీజు పెట్టాను. బ్రేకులు శుభ్రం చేశాను, కింది కమాను స్ప్రింగులకు నూనె పట్టించాను. చివరికి ముందు చక్రం వెనక్కి, వెనకది ముందుకి మార్చాను. అయినా చప్పుడు ఎడమ ముందు నుంచే వచ్చింది.

ఒక సంగతి నాకు నిద్ర పట్టనివ్వలేదు. లోపం చక్రంలో ఉంటే, వేగం పెంచిన కొద్దీ కిర్రులు దగ్గర పడాలి. మెల్లగా పోయినా జోరుగా పోయినా ఇది ఒకటే తీరు. మూడుసార్లు కిర్రుమనేది, కాసేపు ఆగేది. మళ్లీ మూడు.

ఒక పొద్దున వకీలు గారు వెనక కూర్చుని ఉండగానే అక్కడ ఆపి, ఇంజను కట్టేసి దిగాను. టైరు మీద చెయ్యి పెట్టాను. చక్రం కదలడం లేదు. అయినా నా అరచేతి కింద కిర్రు, కిర్రు, కిర్రు. ఆగింది. చెయ్యి లాగేసుకున్నాను.

ఎదురింటి అరుగు మీద బట్టలు కుడుతున్న దర్జీ మల్లయ్య లేచి వచ్చాడు.

"అన్నా, గిది మా బాయి గిరక చప్పుడు. ఆ గిరక ఏడాది కిందనే ఊడబీకిన. ఇప్పుడెట్ల ఇనబడుతుంది?"

"గిరకలన్నీ గట్లనే కిర్రుమంటయి" అన్నాను.

"కాదన్నా. మా ఇంటామె నర్సమ్మకు ఆయాసం. మూడుసార్లు తాడు గుంజి ఆగేది. పోయినేడు నీళ్లకు పోతుంటే గీ తొవ్వల్నే కారు గుద్దింది. పానం పోయింది. ఎవరి కారో ఇప్పటిదాంక తెల్వలే."

వెనక తలుపు తెరుచుకుంది. వకీలు గారు దిగారు. కారు మీద చెయ్యి వేశారు.

"గీ కారే. నడిపింది నేనే. భయమైంది... ఆపలే."

మల్లయ్య కొడతాడనుకున్నాను. వకీలు గారు కూడా దెబ్బ కోసమే నిలబడ్డట్టు నిలబడ్డారు. మల్లయ్య కారు తలుపు పట్టుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"జర నన్ను కూసోబెట్టుకో అన్నా. ఆ చప్పుడు ఇంకోపారి ఇంట."

వకీలు గారిని రోడ్డు మీదే వదిలి బయల్దేరాం. పంజాగుట్ట దాకా పోయి, తిప్పుకుని అదే దారిన వచ్చాను. మల్లయ్య తల బయటికి వంచి చెవి పెట్టాడు. చప్పుడు రాలేదు.

"మెల్లగ పోనియ్యి" అన్నాడు. మెల్లగా పోనిచ్చాను. రాలేదు. నాలుగోసారి తిప్పేసరికి అతను ఏడుస్తున్నాడు.

ఆ మధ్యాహ్నమే వకీలు గారు ఠాణాకు వెళ్లి ఒప్పుకున్నారు. తర్వాత కారు అమ్మేశారు. కొన్నవాళ్ల దగ్గర నేనే ఆ కారును ఇంకా మూడేళ్లు నడిపాను. ఒక్కనాడూ కిర్రుమనలేదు. దానికి నేను చేసిన మరమ్మతంటూ ఏదీ లేదు.

ఆ చప్పుడు ఎందుకు వచ్చిందో తెలియకపోతే పోనీ. దాన్ని వినాలని అంతగా ఆశపడ్డ మనిషి నా పక్కన కూర్చున్నప్పుడు ఎందుకు రాలేదో, అది నాకు ఈ రోజుకీ అర్థం కాదు.