జాలారు మీద కిటికీ

సకల జనుల సమ్మె రోజుల్లో కోరుట్లలో చేతినిండా పని ఉన్నది మేస్త్రీలకే. ఆఫీసులకు తాళాలు, బస్సులు డిపోల్లో, మా కాలేజీ గేటుకు గొలుసు. పర్మిషన్ ఏదని అడిగే దిక్కు లేకపోయేసరికి ఊళ్లో ఎవరికి తోచినంత వాళ్లు ఇల్లు పైకి లేపుకున్నారు. మా బాపు మున్సిపల్ ఆఫీసులో గుమాస్తా. ఆ ఆఫీసుకు తాళం వేసి, గేటు ముందు టెంటులో కూర్చున్నవాళ్లలో ఆయనా ఒకడు.

మా పక్కింటి భాయ్ కువైట్ నుంచి రెండు నెలల సెలవు, చుట్టీ మీద వచ్చి, పాత స్లాబు ఇంటి మీద ఒక గది మొదలుపెట్టాడు. మంచివాడే. రంజాన్‌కు వాళ్ల ఇంటినుంచి సేమియా గిన్నె రాని ఏడు లేదు. గోడ నడుమెత్తు లేచేదాకా మేమూ సంబరంగానే చూశాం. ఒక పొద్దున మేస్త్రీ మా వాకిలి వైపు గోడలో చదరంగా ఖాళీ వదిలాడు. అమ్మ దానికేసి చూసి, చేతిలో చెంబు కింద పెట్టేసింది.

"గా సందు కిటికీకేనా బిడ్డా?" అని నన్ను అడిగింది.

కిటికీకే. దాని కింద సరిగ్గా మా జాలారు, అంటే వాకిట్లో మూలకు మేము స్నానం చేసే చోటు. చుట్టూ గోడలున్నాయి కానీ పైన కప్పు లేదు. మా వాడలో ఎవరి జాలారుకూ లేదు. పైనుంచి చూసేవాళ్లు ఉంటారని ఎవరనుకున్నారు? గోడలకు చెవులుంటాయంటారు, మా పక్క గోడకు ఏకంగా కళ్లే వచ్చాయి.

అంతకు ముందటేడు అమ్మకు హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. ఎడమ రొమ్ము తీసేశారు. వాడలో మాత్రం కడుపులో గడ్డ అని చెప్పాం. రవికెలో కుట్టుకోవడానికి అమ్మ పాత చీరతో మెత్తలు చేసుకుంది. అవి విప్పి ఆమె ఊపిరి పీల్చుకునే చోటు ఆ జాలారు ఒక్కటే. వీపు రుద్దడానికి నేను పోయేదాన్ని. ఇంకెవ్వరూ, బాపు కూడా, అటు తొంగిచూసింది లేదు.

బాపు జాలారు మీద పరదా కట్టాడు. కోతులు రెండో పూటకే చింపి పీలికలు చేశాయి. వంటింట్లో పీట వేసుకుని స్నానం చేస్తే నీళ్లు బియ్యం బస్తాల కిందికి పోయాయి. అమ్మ చివరికి స్నానమే మానేసింది. తడిబట్టతో ఒళ్లు తుడుచుకునేది. కోసిన చోట మెత్త ఒరిసి పుండు పడింది. ఆ పుండు చూసిన రోజు నేను ఏడ్చి, ఆ కోపమంతా బాపు మీద చూపించాను.

"మీ ఆఫీసోళ్లు ఒక్క నోటీసు ఇస్తే ఆగదా?"

"తాళం ఏసిందే మేము బిడ్డా. నా ఇంటి కోసం నేనే తీస్తే నలుగురిల ఎట్ల నిలబడ్త?"

"నా కోసం గూడ తియ్యవా?" అంది అమ్మ.

బాపు చెప్పులేసుకుని టెంటుకే పోయాడు. జగిత్యాల పోయి పెద్ద ఆఫీసులో మొరపెట్టుకుందామన్నా అక్కడా తాళమే. తెలంగాణ రావాలని నేనూ రోడ్డు మీద కూర్చున్నదాన్నే. కానీ ఆ రోజు మాత్రం సమ్మెనూ, బాపునూ కలిపి తిట్టుకున్నాను.

మేస్త్రీ కిటికీ చట్రం నిలబెట్టడానికి వచ్చిన పొద్దున అమ్మ తానే గల్లీలోకి పోయింది. నేను వెనకే ఉరికాను. లొల్లి విని చుట్టుపక్కల ఆడవాళ్లు గడపల్లోకి వచ్చారు.

"జర గా కిటికీ ఇంకో దిక్కు పెట్టు భాయ్, నీకు దండం పెడ్త," అంది అమ్మ.

"గా దిక్కు తప్ప గాలి రాదక్కా. నేను పోయినంక పైన మా ఇంటామె ఒక్కతే ఉంటది. ఆడామె ఆడామెను సూస్తె ఏమైతది?"

"ఆఫీసు తెరిచేదాంకన్నా ఆగు."

"నేను ఆగుత. నా వీసా ఆగుతదా?"

గడపలో నిలబడ్డ ఒకావిడ నవ్వింది. "మేమందరం తానం చేస్తలేమా? నీకేంది గంతగనం దాసుకునేది?"

అమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. విడిపించుకుంది.

"నాకు ఒక రొమ్ము లేదు భాయ్," అంది. "రోగమొస్తే కోసి తీసేసిండ్రు. నా బిడ్డ తప్ప ఎవ్వలు సూడలె. ఎవ్వలు సూడొద్దు."

మేస్త్రీ తాపీ కింద పెట్టాడు. భాయ్ తల దించుకుని, "మాఫ్ చెయ్యక్కా," అన్నాడు. అప్పటికప్పుడే ఇటుకలు మోయించి, అన్నాల వేళకు ఆ ఖాళీ పూడిపించాడు.

మధ్యాహ్నం నుంచి మా ఇంటికి ఆడవాళ్లు రావడం మొదలైంది. అరటిపళ్లు, బ్రెడ్డు పట్టుకుని, ముందెందుకు చెప్పలేదని నొచ్చుకుంటూ వచ్చారు. నవ్విన ఆవిడ అందరికంటే ఎక్కువ ఏడ్చింది. వాళ్ల ప్రేమ అబద్ధం కాదు. కానీ మాట్లాడుతున్నంతసేపూ ఒక్కరి చూపూ అమ్మ ముఖం మీద నిలవలేదు. అందరి కళ్లూ ఎడమ పైట మీదే. అమ్మ రెండు చేతులూ అడ్డం కట్టుకుని కూర్చుంది.

సాయంత్రం బాపు టెంటునుంచి వచ్చాడు. సంగతంతా అక్కడే తెలిసినట్టుంది. గడపలో నిలబడి, "కిటికీ మూసిండ్రట గదా," అన్నాడు మెల్లగా.

"మూయకపోయినా మంచిగుండేది," అంది అమ్మ. "పైనుంచి భాయ్ ఇంటామె ఒక్కతే సూసేది."